రోగము రాకమునుపటి సెలవు

తెలుగున సెలవు అను మాటకు అర్థములు పెక్కు కలవు. అనుజ్ఞ యొకటి, వీడుకోలు మఱొకటి, పని మానియుండు దినము వేఱొకటి. మన పెద్దలు వ్యయమునుగూడ సెలవే యనెడివారు. సొమ్ము సెలవైనదనగా ఖర్చయినదని వారి భావము. ఒకరి కాలమునకు మఱొకరు అధికారులైనప్పుడే ఈ మాటతో మనకు పని కలుగుచున్నది. తన పొలమును తాను దున్నుకొను రైతు ఎవ్వరిని సెలవడుగును? జీతమునకు తన కాలమును అమ్ముకొన్నవాడు అడుగవలెను. అడిగినప్పుడు కారణము చెప్పవలెను. ఆ కారణము వ్యాధియైనచో ఇచ్చువారికి సందేహము లేదు. వ్యాధి లేదు, ఉన్నదేమో చూపించుకొనవలెను, అనినచో ఇచ్చువారును అడుగువారును గూడ తెల్లబోవుదురు. ఇట్లు తెల్లబోవుట న్యాయమేనా యని విచారింపదలచి ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

మేము కాపురముండు పటమట పూర్వము బెజవాడ ప్రక్కనున్న పల్లె. నేడు పట్టణములో కలిసిపోయి, దుకాణములతోను ఆసుపత్రులతోను రక్తపరీక్షాశాలలతోను నిండియున్నది. 2016లో రాష్ట్ర సచివాలయము హైదరాబాదునుండి వెలగపూడికి తరలివచ్చిన పిదప మా వైపున ఉద్యోగుల కుటుంబములు మఱింత పెరిగినవి. ఉదయము తొమ్మిదింటికి వీధి మొగమున నిలిచినచో చేత అన్నపు క్యారియరు, భుజమున సంచితో బస్సుకొఱకు పరుగిడువారు పదుగురైనను కనబడుదురు. వారిలో ఒకామె మా పొరుగింటి యుపాధ్యాయిని.

2014లో ఆమె స్నానము చేయుచుండగా రొమ్మున ఒక చిన్న గట్టి యుండ చేతికి తగిలినది. నొప్పి లేదు. నొప్పి లేనిది రోగమెట్లగునని యనుకొన్నదట. వేసవి వచ్చి పోయినది, బడులు తెఱచిరి, దసరాయును గడచినది. ఎనిమిది నెలలకు గాని ఆమె వైద్యుని యొద్దకు పోలేదు. పోవునప్పటికి జబ్బు చంకలోని గ్రంథులకు ప్రాకినది. శస్త్రచికిత్సయు, జుట్టు రాల్చు మందులును, కిరణచికిత్సయు కలిసి ఏడాదిన్నర పట్టినవి. వైద్యుల నేర్పువలననో ఆమె గట్టి ప్రాణమువలననో బ్రదికి, తిరిగి బడికి పోయినది. కొన్నాళ్లకు మా యింట కూర్చుండి మాటలాడుచుండగా మేము తెలివితక్కువగా ఒక ప్రశ్న వేసితిమి: "ఏడాదికి పదునైదు సెలవులున్నవి గదమ్మా, ఒక పూట వెళ్లి చూపించుకొనరాదా?"

ఆమె నవ్వి, "అవి నావి కావండీ అన్నయ్యగారూ" అన్నది.

అని వ్రేళ్లు మడచి లెక్క చెప్పసాగినది. మామగారి ఆబ్దికమునకు ఒకటి. అత్తగారి కంటి శస్త్రచికిత్సకు రెండు, మఱల చూపించుటకు ఇంకొకటి. చిన్నవానికి జ్వరము వచ్చినచో ఎన్ని యగునో చెప్పలేము. ఆడబిడ్డ కూతురి పెండ్లికి రెండు. అవి ఇయ్యకపోయినచో మాట వచ్చును. అమ్మాయి కళాశాల పనులకు ఒకటి. బ్యాంకుకు, కరెంటు ఆఫీసుకు సగము సగము. మిగిలిన వానిని డిసెంబరు వఱకు దాచి యుంచవలెను, ఎవరికేమి వచ్చునో యెవరెఱుగుదురు? "నాకు అప్పటికి ఏమీ కాలేదు గదండీ!" యని ఆమె ముగించినది.

ఈ కడపటి మాటను మేము పలుమాఱు తలపోసితిమి. అది తర్కమునకు నిలుచు మాట. సెలవు అవసరములోనున్నవారికి చెందవలెను. తనకింకను అవసరము కలుగలేదు. కాబట్టి తనది కాదు. ఇందు దోషమెక్కడ నున్నది? ఆమె బుద్ధిలో లేదు. తన చెంతకు ముందుగా వచ్చిన యవసరమునకు ముందుగా ఇచ్చినది. దోషము సెలవుల యేర్పాటులోనే యున్నది; మన గృహములందు స్త్రీనిగూర్చి మనము చేయు పొగడ్తలోను కొంత యున్నది. తాను కడపట తినెడి తల్లిని, తన జ్వరమును చెప్పుకొనని కోడలిని మనము కొనియాడుదుము. ఆ కొనియాడుటవలన మనకు కలుగు లాభము చిన్నది కాదు గనుక మాని వేయుటకు మనసొప్పదు. పురుషులకును ఈ పొగడ్త కొంత అంటుకొన్నది. ముప్పది యేండ్ల సర్వీసులో ఒక్కనాడును జబ్బు సెలవు పెట్టలేదని పదవీవిరమణ సభలలో చెప్పి శాలువ కప్పుచున్నారు. ఆ ముప్పది యేండ్లలో ఒక్కమాఱైనను ఆయన రక్తపు పోటు చూపించుకొన్నాడా యని యడిగినవారు లేరు.

సెలవుల పేర్లను చూడుడు. ఏడాదికి పదునైదు దినములు ఇచ్చు దానికి ఆకస్మిక సెలవని పేరు; ఉద్యోగులు సి.ఎల్. అందురు. ఆకస్మికమనగా తలవని తలంపుగా వచ్చినది. ముందుగా తేదీ నిర్ణయించుకొని, ముందునాటి రాత్రినుండి ఉపవాసముండి, ఉదయమున చేయించుకొను పరీక్షలో ఆకస్మికమేమున్నది? దానికి సి.ఎల్. కోరుచు "స్వంత పని" యని వ్రాయు ఉద్యోగి ఒక చిన్న యసత్యముతో తన దేహమును చూచుకొనుచున్నాడు. వైద్యుని పత్రముతో ఇచ్చు సెలవు మఱొకటి కలదు. అది రోగికి గాని ఆరోగ్యవంతునికి దొరకదు. అర్ధవేతన సెలవును పూర్తివేతన సెలవుగా మార్చుకొనవలెననిన రోగమును నిరూపింపవలెను. రోగము లేదని తెలిసికొనుటకై పోవువాడు ఏమి నిరూపించును?

ఉపాధ్యాయ సంఘములవారు ఏటేట అచ్చువేయు డైరీలలో సెలవుల పట్టిక యుండును. మేమొక దినము దానిని మొదటినుండి చివరివఱకు చదివితిమి. చదువదగిన గ్రంథము. ప్రభుత్వము తాను మెచ్చిన కార్యములకు ప్రత్యేకముగా ఆకస్మిక సెలవు ఇచ్చుచున్నదని అందువలన తెలిసినది. రక్తదానము చేసినవానికి ఒక దినము. కుటుంబనియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొన్న పురుషునికి ఆఱు దినములు, స్త్రీకి పదునాలుగు దినములు. ఈ నియంత్రణ సెలవు పొందువారు రోగులు కారని గమనింపవలెను. ఆరోగ్యవంతులే వైద్యశాలకు పోయి, దేశమునకు మేలని ప్రభుత్వము తలచిన పని చేయించుకొని వచ్చుచున్నారు. కనుక ఆరోగ్యవంతునికి వైద్యశాలకు పోవుటకై జీతముతో సెలవిచ్చుట అపూర్వము కాదు. పట్టిక నింకను చదివినచో, గర్భసంచి తొలగించుకొన్న స్త్రీ యుద్యోగికి నలువదియైదు దినముల సెలవు కలదు; 2011లో ఆ యుత్తరువు వెలువడినది. చాల మంచి యుత్తరువు. మన రాష్ట్రము దేశములో ఆ శస్త్రచికిత్స అధికముగా జరుగు రాష్ట్రములలో ఒకటి. గర్భసంచిని పోగొట్టుకొన్న పిదప నలువదియైదు దినములు. అది నిలుచునా పోవునా యని ముందుగా చూపించుకొనుటకు ఒక పూట యని పట్టికలో వెదకితిమి, కానరాలేదు.

ఇంతకును అడుగునది ధనము కాదు. 2013లో ఏర్పడిన ఉద్యోగుల ఆరోగ్య పథకమునకు నెలనెల వారి జీతమునుండి చందా పోవుచున్నది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున రక్తపు పోటును, చక్కెరను ఉచితముగానే చూచుచున్నారు. 2024 నవంబరులో రాష్ట్రప్రభుత్వము నోటికి, రొమ్మునకు, గర్భాశయముఖమునకు వచ్చు క్యాన్సరులను ముందుగా గుర్తించుటకై ఇంటింటికి సిబ్బందిని పంపనారంభించినది. ఇదియు మెచ్చదగిన కార్యమే. అయినను ఆ సిబ్బంది వచ్చునది పగటి పూట. అప్పుడు ఉద్యోగి యింటికి తాళము. ఆసుపత్రులలో బయటి రోగులను చూచు వేళ ఉదయము. కచ్చేరి వేళయును అదే. రెండును ప్రభుత్వమువే, రెండింటి గడియారములును ఒక్కమాఱే కొట్టుచున్నవి. చక్కెర పరీక్షనే తీసికొనుడు. పరగడుపున ఒకమాఱు రక్తమీయవలెను. పిదప వెలుపలికి వచ్చి, ఎదుట బండివాని యొద్ద రెండిడ్డెనులు తిని, రెండు గంటలు బల్లపై కూర్చుండి మఱల రక్తమీయవలెను. ఎనిమిదింటికి మొదలుపెట్టినవాడు పదునొకండింటికి గాని విడువబడడు. పటమట నుండి వెలగపూడికి పోవలసినవాడు ఆనాడు మధ్యాహ్నము వఱకు పోయినట్లే. మూడు నెలల చక్కెరను ఒక్కమాఱే తెలుపు పరీక్ష వచ్చినది గదా యనవచ్చును. వచ్చినది, దానికి ఉపవాసముతో పని లేదు. అది ప్రతి చోట ఉచితముగా దొరకు దినము వచ్చినచో మా వాదములో ఈ భాగమును తీసివేయుదుము.

కృష్ణాడెల్టాలో పుట్టినవారికి ఈ విషయమును వేఱుగా బోధింప నక్కఱలేదు. మన కాలువలకు లస్కరులుందురు. లస్కరు చేయు పని యేమి? గట్టు వెంబడి నడచుట. ఎలుకబొరియ యున్నదా, ఎండ్రకాయ కన్నము పెట్టినదా, మట్టి జారినదా యని చూచుట. ఏమియు లేనినాడు కూడ వాని జీతము వానికి చెల్లును. గండి పడిననాడే వానిని పిలిచి జీతమిత్తుమనిన యింజనీరును మన రైతులు పిచ్చివాడందురు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు గట్టునకు గండ్లు పడి సింగునగరము మునిగినప్పుడు సైనికులు వచ్చి పగలు రాత్రి పనిచేసి గండ్లు పూడ్చిరి. వారికి మనమెల్ల నమస్కరించితిమి. గట్టును చూచుటకు ఏటేట పోసినదెంత, మునిగినపిదప పోసినదెంత యని పట్టణమంతయు నాడు మాటలాడుకొన్నది. దేహమును గూర్చియు అట్లే మాటలాడుకొన్నారా? రోగము ముదిరిన ఉద్యోగికి నెలల తరబడి సెలవును, లక్షల కొలది వైద్యవ్యయమును ఇచ్చుటకు ప్రభుత్వము వెనుదీయలేదు. ఆ ఔదార్యమును తక్కువ చేయము. మా పొరుగింటామెయే దానివలన బ్రదికినది. కాని ఆమె బడిలో పిల్లలు ఏడాదిన్నర ఇతర ఉపాధ్యాయుల దయమీద చదివిరి. ఆ లెక్కను ఎవ్వరును వ్రాయలేదు.

పరీక్షలవలన నిజముగా మేలు కలుగుచున్నదా యని యడుగుట న్యాయము. అన్ని పరీక్షలవలనను కలుగదు. కొన్నింటివలన తప్పక కలుగుచున్నది. గర్భాశయముఖమునకు పలుచని వినిగరు పూసి ఒక నిమిషము చూచినచో చెడిన చోటు తెల్లబాఱును. పెద్ద యంత్రములతో పని లేదు. టాటా స్మారక వైద్యశాలవారు ముంబయి మురికివాడలలో సుమారు లక్షన్నర స్త్రీలను రెండు తెగలుగా విభజించి, ఒక తెగకు రెండేండ్లకొకమాఱు ఈ పరీక్ష చేయించిరి. చేసినవారు వైద్యులు కారు. పదవ తరగతి చదివి కొన్ని వారములు శిక్షణ పొందిన స్త్రీలు. 2013లో ప్రకటించిన ఫలితము ప్రకారము పరీక్ష జరిగిన తెగలో ఆ క్యాన్సరువలని మరణములు నూటికి ముప్పదియొకటి తగ్గినవి. తిరువనంతపురమున నోటిని చూచు పరీక్షను ఇట్లే శోధించి 2005లో ఫలితము ప్రకటించిరి. పొగాకు గాని మద్యము గాని వాడువారిలో నోటి క్యాన్సరు మరణములు నూటికి ముప్పదినాలుగు తగ్గినవి. ఆ పరీక్షకు కావలసినవి మంచి వెలుతురు, చూడ నేర్చిన కన్ను. పొగాకు పండించు గుంటూరు మనకు నది యావలనే యున్నది. శ్రీకాకుళ విశాఖ తీరములలో చుట్ట నిప్పును నోటి లోపల నుంచి అడ్డపొగ త్రాగు స్త్రీలు ఇంకను కలరు. మనకు ఈ పరీక్షకంటె ఆవశ్యకమైనది మఱేమున్నది? ఇక మధుమేహము మాట. 2023లో ప్రకటితమైన భారత వైద్యపరిశోధనా మండలి గణన ననుసరించి దేశములో పది కోట్లకు పైబడి మధుమేహరోగులున్నారు. అది ఏండ్ల తరబడి చెప్పక కూర్చుండు రోగము. కంటికో మూత్రపిండమునకో వచ్చినపిదప గాని పలుకదు.

అయితే, మా వీధిలోని పెద్ద పెద్ద పలకలపై ప్రకటించు "ఆపాదమస్తక పరీక్ష"ల కొఱకు మేము వాదించుటలేదు. పండుగ తగ్గింపు ధరలకు చీరలమ్మినట్లు డెబ్బది పరీక్షలను మూటగట్టి అమ్ముచున్నారు. దక్షిణకొరియాలో జరిగినది వినుడు. 1999 నుండి అచ్చట క్యాన్సరు పరీక్షలు విరివిగా సాగినవి. వానితోపాటు, ఎవ్వరు సిఫారసు చేయకున్నను, కొంచెము సొమ్మునకు కంఠమునందలి థైరాయిడు గ్రంథిని గూడ చూచి పంపుచుండిరి. 2011 నాటికి థైరాయిడు క్యాన్సరులు 1993 నాటికంటె పదునైదు రెట్లు కనబడినవి. దానివలన చచ్చువారి సంఖ్య మాత్రము తగ్గలేదు. ఎన్నడును హాని చేయని యుండలకై వేలకొలది జనులు కంఠములు కోయించుకొని జీవితాంతము మాత్రలు మ్రింగవలసినవారైరి. వెదకినచో దొరకునదెల్ల రోగము కాదు. కాబట్టి సెలవు ఏ పరీక్షకో నిర్ణయించుట వైద్యశాస్త్రమెఱిగిన నిష్పక్షపాతుల పని. పరీక్షలమ్మువారి పని కాదు. రక్తపు పోటు, చక్కెర, నోరు, రొమ్ము, గర్భాశయముఖము, ఇవి చాలును. వీనికి ఏడాదికి ఒక పూట సరిపోవును. ఇంత చిన్నదానికి ఇంత వాదమా యని మాకే యొక్కొకప్పుడు తోచుచున్నది.

ఇతర దేశములు ఈ చిన్నదానిని చేసియే యున్నవి. చిలీ దేశము 2014లో చట్టము చేసి, నలువది దాటిన స్త్రీలకును ఏబది దాటిన పురుషులకును రొమ్ము, ప్రోస్టేటు పరీక్షలకై ఏడాదికి ఒక పూట జీతముతో నొసగినది. బ్రెజిలు 2018లో క్యాన్సరు పరీక్షలకు ఏడాదికి మూడు దినముల వఱకు ఇచ్చినది. న్యూయార్కు రాష్ట్రమువారు తమ ప్రభుత్వోద్యోగులకు ఏ క్యాన్సరు పరీక్షకైనను ఏడాదికి నాలుగు గంటలు, ఇతర సెలవులనుండి తగ్గింపకుండ, 2018 నుండి ఇచ్చుచున్నారు. జపాను 1972 నాటి చట్టము మఱియు కఠినము. ఏటేట పనివానికి ఆరోగ్యపరీక్ష చేయించుట యజమాని విధి. న్యూయార్కువారి మాటలలో "ఇతర సెలవులనుండి తగ్గింపకుండ" అనునదే మాకు ముఖ్యముగా తోచుచున్నది. పదునైదును పదునాఱు చేసినచో మా పొరుగింటామెకు మేలు కలుగదు. ఆ పదునాఱవది ఆడబిడ్డ యింటి సీమంతమునకు పోవును. మన ధర్మశాస్త్రములలో స్త్రీధనమని యొకటి యుండెడిది. భర్తకుగాని అత్తకుగాని దానిపై హక్కు లేదు. ఆచరణలో ఎంతమంది భర్తలు దానిని ముట్టకయుండిరో మనమెఱుగుదుము గాని, పేరు వేఱుగా నున్నందున అడుగుటకు కొంచెము సిగ్గైనను పడెడివారు. ఈ సెలవును అట్టిదై యుండవలెను. పరీక్షకు దక్క మఱి దేనికిని పనికిరానిదై, పరీక్ష చేయించుకొననిచో ఏడాది తుదను మురిగిపోవునదై యుండవలెను. అప్పుడు అత్తగారే "ఊరక పోవుచున్నది గదా, వెళ్లి రావే" యనును.

బలవంతపు మాట వచ్చినది గనుక ఆగి చెప్పవలసినది యొకటి కలదు. అఖిలభారత సర్వీసుల అధికారులకు నలువది యేండ్లు దాటినపిదప ఏటేట వైద్యపరీక్ష కలదు. 2007 నాటి నిబంధనల ప్రకారము దాని సారాంశమును వారి వార్షిక పనితీరు నివేదికకు జతచేయుదురు. కలెక్టరు దేహమును చూడ నక్కఱకలదని గుర్తించిన ప్రభుత్వమునకు, ఆ కలెక్టరు గది వాకిట బల్లపై కూర్చుండు బంట్రోతు దేహము గుర్తునకు రాకపోవుట మాకు కష్టముగా నున్నది. కాని ఆ పద్ధతినే క్రిందివఱకు దించుడని మేము కోరము. రోగసారాంశము పైయధికారి చేతిలో పడుట పెద్దవారికి సాగవచ్చును. చిన్నయుద్యోగికి అది బదిలీకో, పదోన్నతి నిలిచిపోవుటకో, కనీసము ఆఫీసులో గుసగుసకో దారితీయును. రొమ్ము పరీక్షకు పోయినదన్న వార్తయే మన యూళ్లలో ఆడుపిల్ల పెండ్లికి అడ్డు వచ్చుచున్నది. వైద్యశాల ఇచ్చు చీటిలో ఫలానివారు ఫలాని దినమున వచ్చిరి అను మాట యుండిన చాలును. ఏమి చూచితిరో, ఏమి కనబడెనో ఆఫీసున కనవసరము.

సమ్మతి విషయమై మన తెలుగునాట ఒక చేదు జ్ఞాపకమున్నది. 2009లో ఖమ్మము జిల్లాలో వేలకొలది బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరు రాకుండ టీకాలు వేసిరి. వారిలో పలువురు వసతిగృహములలో నుండి చదువుకొను గిరిజన బాలికలు. తలిదండ్రులకు మాఱుగా వసతిగృహాధికారులే సమ్మతిపత్రములపై సంతకములు చేసిరి. కొందఱు బాలికలు మరణింపగా 2010లో ఆ కార్యము నిలిచిపోయినది. మరణములకు టీకాతో సంబంధము కనబడలేదని విచారణలో తేలినను, సమ్మతి పుచ్చుకొన్న తీరును 2013లో పార్లమెంటు సంఘము తీవ్రముగా గర్హించినది. టీకా మంచిదే, నేడు దేశదేశములందు వేయుచున్నారు. మంచిదానిని అడుగక చేసినందున ఎంత యపనమ్మకము ప్రబలినదో ఆ జిల్లా యెఱుగును. ఉద్యోగిని పరీక్షకు తఱుమరాదు. ఒక పూటను అతని చేతిలో పెట్టి ఊరకుండవలెను. పోక మురుగబెట్టుకొన్నచో అది అతని యిష్టము.

ఇక చదువరులలో పలువురు ఇంతవఱకు ఓపికపట్టి మనసున నుంచుకొన్న మాటను మేమే చెప్పుదుము. "ప్రభుత్వోద్యోగులకు సెలవులు తక్కువయా? ఆదివారములు, పండుగలు, సచివాలయమువారికి వారమునకు అయిదే దినములు. ఆటోనగరులో ఇనుము కొట్టువానికి ఏ సెలవున్నది? రైతుబజారులో కూరలమ్ము నామెకు ఏ సెలవున్నది?" ఇది అసూయ మాట యని త్రోసివేయుట తగదు. ఇందు సత్యమున్నది. ఈ సెలవు ఒక తెగవారి భోగమై నిలిచిపోవునెడల మేము దీనికొఱకు కాగితము ఖర్చుచేయము. ముఖ్యముగా, ఆ యాఫీసునే తెల్లవారకముందు ఊడ్చు కాంట్రాక్టు పనివారిని విడిచి, కుర్చీలో కూర్చుండువారికి మాత్రమే ఇచ్చినచో అది సిగ్గుచేటు. ఒకే గోడల నడుమ పనిచేయువారిలో ఒకరి దేహము గట్టు, మఱొకరి దేహము మట్టి యనుట యెక్కడి ధర్మము? అయినను, ఇనుము కొట్టువానికి లేదు గనుక గుమాస్తాకును వలదనుట దారి కాదు. వారపు సెలవు, ప్రసూతి సెలవు, ఇవియును ముందు కొందఱికి వచ్చి పిదప పెక్కుమందికి ప్రాకినవే. ఇంకను అందఱకు ప్రాకలేదని యెఱుగుదుము. మార్గము చూపవలసినవాడు పెద్ద యజమాని. మన రాష్ట్రమున ప్రభుత్వముకంటె పెద్ద యజమాని ఎవడు?

ఇట్లు వ్రాయుచుండగనే కలము కొంత తడబడినది. చెప్పక దాచుట తగదు. యజమానులలో మేమును ఉన్నాము. మా యింట అంట్లు తోము నామె పటమటలంకనుండి వచ్చును. గడచిన వేసవిలో ఒకనాడు, ఆరోగ్యకేంద్రమున చూచెదరట, రేపు ఉదయము రానని చెప్పినది. "రేపు చుట్టములు వచ్చుచున్నారే, ఎల్లుండి పోరాదా?" యని మా నోటనుండి వచ్చినది. ఆమె మారుమాటాడక "సరేనండి" యని చీపురు తీసికొన్నది. ఎల్లుండి ఆమె పోయినదో లేదో మేమడుగలేదు. ఆ వారముననే మేము ఈ విషయమై ఒక సభలో ఉపన్యసించియుంటిమి. సంస్కరణను గూర్చి చదువు గృహములలో ఎన్నింట ఈ "ఎల్లుండి" పలుకబడుచున్నదో చదువరులు తమ తమ వంటయింటి వాకిట నిలిచి చూచుకొనవలెను. మా యింట మట్టుకు, ఆమెకు ఏడాదికి రెండు పూటలు జీతము కోయక, ఎందుకని యడుగక ఇచ్చుటకు ఏర్పాటు చేసికొంటిమి. అడుగకపోవుటయే మాకు జీతముకంటె కష్టముగా నున్నది. ఏమి చూచిరి, ఏమన్నారు అని తెలిసికొనవలెనను దయారూపమైన కుతూహలము నాలుకమీదికి వచ్చుచునే యుండును.

మా పొరుగింటి యుపాధ్యాయిని ఇంకను బడికి పోవుచునే యున్నది. ఏటికొకమాఱు వైద్యునికి చూపించుకొనును, దానికి సి.ఎల్. పెట్టి స్వంత పని యని వ్రాయును. నాడు కళాశాలలోనున్న ఆమె కూతురు 2019లో వార్డు సచివాలయములు ఏర్పడినప్పుడు ఉద్యోగములో చేరినది. ఆ యమ్మాయికి ముప్పది యేండ్లు నిండినవి. తల్లికి ఆ జబ్బు వచ్చినది గనుక వైద్యులు ఆమెను గూడ చూపించుకొమ్మనిరి. ఆమె బల్లకు మూడు బారల దూరములో కూర్చుండు నర్సమ్మయే వీధివీధి తిరిగి పరీక్షలకు రండని స్త్రీలను పిలుచుచుండును. మొన్న శ్రావణ శుక్రవారమునాడు పేరంటమునకు వచ్చి తల్లి మా యెదుటనే కూతురి నడిగినది, వెళ్లితివా యని. "వెళ్లుదునమ్మా" యని ఆ యమ్మాయి పిల్లవానికి చొక్కా గుండీలు పెట్టుచు, "ఇంకను ఆగస్టే గదా, సి.ఎల్.లు మూడే మిగిలినవి" అన్నది.